నీటికి లెక్క వ్రాసిన విశ్వేశ్వరయ్యగారు

అనంతపురము జిల్లా ప్రజలకు నీటి విలువను ఎవరును బోధింపనక్కరలేదు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షముతో కాలము గడుపవలసిన సీమ యిది. రాప్తాడు పరిసరములందలి రైతు ఆకాశమువైపు చూచినంతగా మరియొక దిక్కు చూడడు. అయినను ఈ సీమలో పొలమునకు గొలుసు కొలతయు, ధాన్యమునకు మానిక కొలతయు ఉండెనుగాని, నీటికి చాలకాలము నోటిమాటయే కొలతగా నుండెను. ఒక పదును వాన పడినదనియు, చెరువు మరువ పారినదనియు, బావిలో రెండు నిలువుల నీరున్నదనియు చెప్పుకొనుటతో ఆ యేటి లెక్క ముగిసెడిది.

నీటిని కొలుచుట, కొలిచినదానిని వ్రాసియుంచుట, వ్రాసినదానిని పదిమందికి తెలుపుట ప్రాణరక్షణముతో సమానమైన పనులని తన జీవితముచేత నిరూపించిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి పేర ఏటేట సెప్టెంబరు 15వ తేదీని ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నాము. వారు కట్టించిన ఆనకట్టలను గూర్చి పాఠశాలలలో చెప్పుచున్నాము. ఆ కట్టడములకు ముందు నడచిన లెక్కలను గూర్చి చెప్పుట మాత్రము అరుదు. ఆ వైపునుండి వారి జీవితమును ఒకమారు పరిశీలింతము.

విశ్వేశ్వరయ్యగారి పూర్వులది కంభము, గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండము. ఆ యూరి పేరే వారి యింటిపేరు. సుప్రసిద్ధమైన కంభము చెరువు ఆ యూరికి ఎంతో దూరము కాదు. ఆ కుటుంబము కొన్ని తరముల క్రిందట మైసూరు సీమకు వలసపోయి, నంది కొండల చెంతనున్న ముద్దెనహళ్ళిలో స్థిరపడెను. శ్రీనివాసశాస్త్రిగారికిని వెంకటలక్ష్మమ్మగారికిని పుత్రులుగా విశ్వేశ్వరయ్యగారు పందొమ్మిదవ శతాబ్దమున, అరువదియవ దశకపు తొలినాళ్ళలో ఆ గ్రామమున జన్మించిరి. మన పెన్నానదియు ఆ నంది కొండల వరుసలోనే పుట్టి, ఉత్తరముగా ప్రవహించి, హిందూపురము సీమమీదుగా మనవైపు వచ్చుచున్నది. పుట్టిన చోటునుబట్టి చూచినచో విశ్వేశ్వరయ్యగారిని పెన్నకు తోబుట్టువని చెప్పవచ్చును.

బాల్యముననే వారికి పితృవియోగము కలిగెను. చిక్కబళ్ళాపురమున చదువుకొని, పైచదువులకై బెంగుళూరు చేరిరి. చేతిలో ధనము లేదు. ఒక కుటుంబపు పిల్లలకు పాఠములు చెప్పుచు, ఆ ఆదాయముతో సెంట్రల్ కళాశాలలో చదివి, 1881లో బి.ఏ. పట్టమును పొందిరి. పిమ్మట మైసూరు ప్రభుత్వము వారి చేయూతతో పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, 1883లో బొంబాయి రాజధానియందు ప్రథమస్థానమున ఉత్తీర్ణులైరి. మరుసటి యేడు బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా ఉద్యోగమున ప్రవేశించిరి.

బొంబాయి కొలువున గడపిన సుమారు ఇరువదినాలుగేండ్లలో వారు చేసిన పనులు అనేకములు. సింధుదేశమునందలి సుక్కూరు పట్టణమునకు మంచినీటి వసతి కల్పించిరి. పూనా సమీపమున ఖడక్‌వాస్లా జలాశయమునకు తమంత తామే తెరచుకొని మూసికొను తలుపులను అమర్చిరి. నీరు నిర్ణీతమైన మట్టమునకు చేరగానే ఆ తలుపులు తెరచుకొని వరదను క్రిందికి వదలును. మట్టము తగ్గగానే తిరిగి మూతపడును. ఆనకట్టను ఎత్తు చేయకయే, పూర్వము వృథాగా పొర్లిపోవు నీటిని నిలువచేయుటకు ఇది సాధనమయ్యెను. ఏ మట్టమున తలుపు తెరువవలెనో, ఎంత వరద వచ్చునో ముందుగా లెక్కకు అందనిచో అట్టి తలుపును ఊహించుటయే సాధ్యము కాదు.

కాలువనీటి పంపకమునందును వారు లెక్కనే ఆశ్రయించిరి. దక్కను కాలువల క్రింద చెరకు వేయువారు నీటిని విస్తారముగా వాడుకొనుచుండిరి. దూరపు గ్రామములకు నీరందుట కష్టముగా నుండెను. విశ్వేశ్వరయ్యగారు భూమిని ఖండములుగా విభజించి, ఆయా ఖండములలో పైరులను మార్చి మార్చి పండించునట్లును, ప్రతి ఖండమునకు నిర్ణయించిన వంతు నీరే పారునట్లును ఒక పద్ధతిని ప్రతిపాదించిరి. యథేచ్ఛగా నీరు పెట్టుకొనుటకు అలవాటుపడినవారికి ఇది మొదట రుచింపలేదు. కాని ఉన్న నీరే ఎక్కువ గ్రామములకు అందుటకు ఇంతకంటె మంచి మార్గము లేదని క్రమముగా తేలెను. వంతు న్యాయముగా నుండవలెనన్నచో కొలత అందరికి తెలిసినదై యుండవలెను. తెలియని కొలత బలవంతుని చేతిలోని కొలతయే యగును.

1908లో వారు బొంబాయి కొలువును విడిచి విదేశపర్యటనమున నుండిరి. ఆ యేడే హైదరాబాదు నగరమునకు మహావిపత్తు సంభవించెను. సెప్టెంబరు నెల కడపటి వారమున మూసీనది ఎగువ ప్రాంతమున ఎడతెరిపి లేని వాన కురిసెను. శంషాబాదునందలి వానకొలత పాత్రలో 48 గంటలలో సుమారు 19 అంగుళముల వర్షము నమోదయ్యెను. 28వ తేదీ ఉదయమున వరద నగరమును ముంచివేసెను. వంతెనలు కొట్టుకొనిపోయెను, పేటలకు పేటలే నేలమట్టమయ్యెను. పదునైదువేలమంది వరకు మరణించిరని అంచనా. అఫ్జల్‌గంజ్ వైపున నదిగట్టునగల ఒక చింతచెట్టు నాశ్రయించి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున నేటికిని ప్రజల స్మృతిచిహ్నమై యున్నది.

నిజాము ప్రభుత్వము ఇట్టి విపత్తు మరల రాకుండ ఉపాయము చెప్పుటకు విశ్వేశ్వరయ్యగారిని ఆహ్వానించెను. వారు పర్యటనమును ముగించుకొని 1909 ఏప్రిలులో హైదరాబాదు చేరిరి. నగరమున కూలిన గోడలను చూచి వెంటనే కట్టడముల చిత్రములు గీయుటకు వారు పూనుకొనలేదు. మొదట నది పైభాగమునకు దృష్టి మరల్చిరి. ఈ నీరు ఎక్కడ కురిసినది? ఏ దారిన వచ్చినది? ఎంత వచ్చినది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము దొరకనిదే ఏ కట్ట ఎంత యెత్తుండవలెనో చెప్పుట సాధ్యము కాదని వారు భావించిరి.

నగరమునకు ఎగువన మూసీ, ఈసీ నదుల పరీవాహక ప్రాంతము సుమారు 860 చదరపు మైళ్ళు. ఆ ప్రాంతమున 788 చెరువులున్నట్లు లెక్కకు వచ్చెను. అనగా దాదాపు చదరపు మైలునకొక చెరువు. వానిలో 221 చెరువులు ఆ వరదలో తెగిపోయెను. పై చెరువు తెగినచో ఆ నీరంతయు క్రింది చెరువుమీద పడును. తన పరీవాహకపు వాననే మోయలేక నిండుకుండవలె నున్న ఆ చెరువు ఈ అదనపు బరువునకు తెగును. ఈ విధముగా గండి వెంట గండి పడుచు, నది చేరునప్పటికి అది సహజమైన వరదగాక, కట్టలు తెగిన నీరు కూడ కలిసిన ప్రళయముగా మారెను.

వరద తీసిపోయిన తరువాత ప్రవాహపరిమాణమును కనుగొనుట ఎట్లని విద్యార్థులకు సందేహము కలుగవచ్చును. గోడలమీదను చెట్లమీదను వరద విడిచిన గుర్తులనుబట్టి నీటిమట్టమును నిర్ణయింతురు. ఆ మట్టమువరకు నదికి అడ్డముగా గల వైశాల్యమును కొలుతురు. నది వాలును, అడుగుభాగపు గరుకుదనమును బట్టి వేగమును అంచనా వేయుదురు. వైశాల్యమును వేగముచేత గుణించినచో ప్రవాహము తేలును. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు సాగినచో దానిని క్యూసెక్కు అందురు. 1908 నాటి మూసీ గరిష్ఠ ప్రవాహము 4,25,000 క్యూసెక్కులని లెక్క తేలెను. నగరమధ్యమున నదీగర్భము మోయగలిగినదానికి ఇది ఎన్నోరెట్లు మించినది.

ఈ లెక్కలలో మనము గమనింపవలసిన విషయము ఒకటి కలదు. ఆ 788 చెరువులలో ప్రతిదానికి ఒక గ్రామము కలదు. కట్టను కాచువాడు, తూమును ఎత్తువాడు కలడు. తన చెరువు ఆ రాత్రి ఎంత నిండినదో ప్రతి నీరుగంటికి తెలియును. కాని ఆ తెలివి ఆ గట్టుననే నిలిచిపోయెను. పై యూరి నీరుగంటి కంటికి కనబడినది క్రింది యూరికి తెలియలేదు. క్రింది యూరికి తెలిసినది నగరమునకు తెలియలేదు. చెరువులు ఒకదానికొకటి గొలుసువలె కలిసియున్నను వాని సమాచారము కలిసియుండలేదు. చెరువుల సంఖ్య, తెగిన కట్టల సంఖ్య, వాన పరిమాణము ఒకేచోట ఒకే పత్రముపైకి వచ్చుట ప్రజలు మరణించిన పిమ్మట జరిగెను. విశ్వేశ్వరయ్యగారి నివేదికయందలి గొప్పతనమును, ఆ ఘటనయందలి విషాదమును ఇందే యున్నవి.

ఆ సంవత్సరము అక్టోబరులో వారు నివేదికను సమర్పించిరి. నగరమునకు ఎగువన మూసీపై ఒకటియు, ఈసీపై ఒకటియు రెండు పెద్ద జలాశయములను నిర్మించి, వరదను అచ్చట పట్టియుంచి, నగరము తట్టుకొనగలిగినంత నీటిని మాత్రమే మెల్లగా వదలవలెనని అందు సూచించిరి. మురుగునీటి పారుదలకును వేరుగా ప్రణాళిక నిచ్చిరి. ఆ సూచనల ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును పూర్తియయ్యెను. వరదను ఆపుటకు కట్టినవి నగరమునకు దశాబ్దములపాటు మంచినీటిని కూడ ఇచ్చెను. ఆ జలాశయముల నిర్మాణమును నడపినవారు వేరు. వానికి ఆధారమైన లెక్కను నిలిపినవారు విశ్వేశ్వరయ్యగారు.

హైదరాబాదు పని ముగియుచుండగనే మైసూరు సంస్థానము వారిని చీఫ్ ఇంజనీరుగా ఆహ్వానించెను. 1909 నవంబరులో ఆ పదవిని చేపట్టి, 1912 నుండి 1918 వరకు దివానుగా పనిచేసిరి. మైసూరు విశ్వవిద్యాలయము, మైసూరు బ్యాంకు ఆ కాలముననే వెలసెను. సంస్థానపు ఆర్థిక సమ్మేళనములందు ఊహాగానములకు బదులు అంకెలతో మాటలాడు అలవాటును వారు పెంపొందించిరి. కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణము 1911లో ప్రారంభమయ్యెను.

ఇచ్చట వారికి నీటిలెక్క మరియొక రూపమున ఎదురయ్యెను. పై సీమలో ఆనకట్ట కట్టినచో క్రింది సీమకు నీరు తగ్గునని మద్రాసు ప్రభుత్వము అభ్యంతరము చెప్పెను. ఈ చిక్కు క్రొత్తది కాదు. 1892లోనే మైసూరు, మద్రాసు ప్రభుత్వముల నడుమ ఒక ఒడంబడిక జరిగియుండెను. పేర్కొన్న నదులపై మైసూరువారు క్రొత్త జలాశయము కట్టదలచినచో ముందుగా దాని వివరములన్నిటిని మద్రాసువారికి పంపి సమ్మతి పొందవలెనని అందలి నిబంధన. ఆ నదుల పట్టికలో కావేరితోపాటు మన పెన్నయు, చిత్రావతియు కలవు. కావేరి తగవులో 1914లో గ్రిఫిన్ మధ్యవర్తిగా తీర్పు చెప్పెను. తుదకు 1924లో ఒప్పందము కుదిరెను. ఈ వాదప్రతివాదములందు న్యాయవాదుల వాక్చాతుర్యముకంటె పై ఆనకట్ట వద్దనున్న కొలబద్దపై నీరు ఎన్ని అడుగులు నిలిచినదన్న అంకెకే విలువ యెక్కువ. ఇరువురును నమ్మదగిన కొలబద్ద ఒకటి ఉన్నప్పుడే ఇరువురి నడుమ మాట సాగును. అది లేనినాడు ఎగువవాడు దాచుచున్నాడని దిగువవాడును, దిగువవాడు అతిశయోక్తి పలుకుచున్నాడని ఎగువవాడును అనుమానింతురు.

పదవీవిరమణానంతరమును వారు విశ్రమింపలేదు. 1934లో భారతదేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థికవ్యవస్థ అవసరమని గ్రంథము వ్రాసిరి. 1937లో ఒడిశా వరదల సమస్యను పరిశీలించి సలహా నిచ్చిరి. తుంగభద్ర ఆనకట్ట నిర్మాణ విషయమున మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వముల ఇంజనీర్లకు అభిప్రాయభేదము కలుగగా, దానిని పరిష్కరించిన ఇంజనీర్ల మండలికి వృద్ధాప్యమున వారే అధ్యక్షత వహించిరి. ఆ తుంగభద్ర నీరే ఎగువకాలువ గుండా అనంతపురము జిల్లాకు వచ్చుచున్నది. ఈ జిల్లావారు వారికి ఋణపడియున్నారనుట అతిశయోక్తి కాదు. 1955లో భారతరత్న బిరుదము వారిని వరించెను. నూరేండ్లు నిండిన జీవితమును గడిపి, 1962 ఏప్రిలులో బెంగుళూరున వారు కన్నుమూసిరి.

విశ్వేశ్వరయ్యగారి కాలమున వానలెక్క కార్యాలయపు దస్త్రమున నుండెడిది. దానిని చూచువారు ఇంజనీర్లును అధికారులును మాత్రమే. వారి తరువాతి కాలమున ఈ విద్య రెండు దిక్కుల విస్తరించెను. మొదటిది యంత్రముల వలన కలిగిన విస్తారము. 1995లో ప్రారంభమైన జలవిజ్ఞాన పథకమున ఆంధ్రప్రదేశము పాల్గొనెను. 2016లో అది జాతీయ పథకమై దేశమంతటికి వ్యాపించెను. వాననీటిని, జలాశయ మట్టమును, భూగర్భజలపు లోతును తమంత తామే నమోదు చేసి దూరమునకు పంపు పరికరములు నేడు కలవు. రాష్ట్ర జలవనరుల సమాచార వ్యవస్థ ద్వారా ఆ అంకెలను ఎవరైనను అంతర్జాలమున చూడవచ్చును.

రెండవది ప్రజల చేతికి కొలత వచ్చుట. అనంతపురముతో కలిపి నాటి ఏడు కరవు జిల్లాలలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహాయముతో, రైతులే భూగర్భజలమును నిర్వహించుకొను పథకమొకటి ఈ శతాబ్దపు తొలి దశకమున నడిచెను. అందు గ్రామములలోని స్త్రీపురుషులు తామే వాననీటిని కొలిచిరి. బావులలోను బోరులలోను నీటిమట్టమును చూచిరి. ఆ అంకెలను ఊరిగోడలపై పలకలమీద వ్రాసిరి. ఖరీఫు ముగియగానే అందరును కూడి, భూమిలో ఎంత నీరు చేరినది, రబీకి ఏ పైరునకు ఎంత చాలునని జమాఖర్చు వేసికొనిరి. ఇన్ని ఎకరములలో వరి వేయరాదని ఎవరును శాసింపలేదు. గోడమీది అంకె చూచి ఎవరికి వారే ఆలోచించుకొనిరి. బడిలో చదువని రైతు సైతము నీటిపద్దును చదువగలడని ఆ పథకము చూపెను.

ఇంత జరిగినను 1908 నాటి పాఠము పూర్తిగా ఒంటబట్టినదని చెప్పజాలము. 2022 అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురము నగరపు కాలనీలను ముంచెను. 2024 అక్టోబరులో ఎగువన కనగానపల్లి చెరువు తెగి, పండమేరు మరల పొంగి, రాప్తాడు ప్రాంతమును దాటి అనంతపురపు శివారు ఇండ్లలోనికి ప్రవేశించెను. కరవుసీమలో వరద యేమని ఇతరులు ఆశ్చర్యపడవచ్చును. ఏడాది పొడవున ఎండియుండు వంకయే ఒక్క రాత్రి వానకు ప్రమాదకరమగును. ఎండిన వంకలో నీరు వచ్చునని ఎవరును ఎదురుచూడరు గనుక. పై చెరువు, క్రింది వంక, అటుపై ఊరు అను వరుస మూసీ ఎగువన ఉన్నట్టిదే. పరిమాణము చిన్నది, స్వభావము ఒక్కటే. పరికరములు అంకెను పంపినంతమాత్రమున పని తీరదు. ఆ అంకె కట్టక్రింద నిద్రించు ఇంటివానికి అర్థమగు మాటగా, నీటికంటె ముందుగా చేరవలెను.

కరవునాడును ఇదే న్యాయము. ఒక రైతు బోరు ఎంత లోతుకు పోయినదో ప్రక్క రైతునకు తెలియనిచో ఇరువురును పోటీపడి భూమిని తొలిచి అప్పులపాలగుదురు. నలుగురి బోరుల లోతు ఒకచోట వ్రాసియున్నచో అయిదవవాడు త్రవ్వుటకు ముందు ఒకమారు ఆలోచించును. నీరు గుప్తధనము కాదు. దాని లెక్కయు గుప్తముగా నుండరాదు.

ఉపాధ్యాయులకు ఇందు చేయదగిన పని కలదు. వానకొలత పాత్ర ఖరీదైన వస్తువు కాదు. చెట్ల నీడయు గోడల అడ్డును లేని చోట దానిని నిలిపి, ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నర గంటలకు కొలిచి, తేదీతో నల్లబల్లమీద వ్రాయించుట ఏడవ తరగతి పిల్లలకు సాధ్యమైన పని. వారమునకొకమారు బడిబావి లేక ఊరిబావి మట్టమును చూచి దానిప్రక్కనే వ్రాయవచ్చును. ఒక యేడాది వ్రాసినచో అది పాఠము. పది యేండ్లు వ్రాసినచో అది ఊరి ఆస్తి. అట్టి పలక వీథివైపు తిరిగియుండునట్లు కట్టవలెను. బడికి రానివారును దానిని చదువుదురు. సెప్టెంబరు 15వ తేదీన విశ్వేశ్వరయ్యగారి పటమునకు పూలదండ వేయు పాఠశాలలు, ఆ దినముననే ఈ లెక్కకు శ్రీకారము చుట్టినచో, ఈశాన్య ఋతుపవనము వచ్చునప్పటికి పిల్లల చేతిలో ఒక నెల అంకెలు సిద్ధముగా నుండును.